గ్రహణం మొర్రితో మొదలై దేవుడి దాకా

ప్రశ్న: మాది గుంటూరు. నేను విశాఖలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. అన్నయ్యది డాలస్‌లో ఉద్యోగం. 2024 ఏప్రిల్ 8న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అప్పటికి వదినకి ఆరో నెల. నాన్నగారు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఫోన్ చేసి వదినని గదిలోంచి రావద్దన్నారు, కత్తి పట్టుకోవద్దన్నారు, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కదలక పడుకోమన్నారు. లేకపోతే బిడ్డకి గ్రహణం మొర్రి వస్తుందట. అన్నయ్య, "సైన్సు మీ దేవుణ్ణి చంపి రెండొందల ఏళ్ళయింది నాన్నా, మీకింకా కబురందలేదు" అన్నాడు. నాన్న, "బిగ్ బ్యాంగ్ అంటే సృష్టే కదరా, మన నాసదీయ సూక్తంలో ఎప్పుడో చెప్పారు" అన్నారు. మర్నాడు ఉగాది. ఒకరికొకరు శుభాకాంక్షలు కూడా చెప్పుకోలేదు. మేనకోడలు పుట్టింది, బాగుంది. వీళ్ళిద్దరూ మాత్రం ఇప్పటికీ ముభావమే. "ఫిజిక్స్ చదువుతున్నావుగా, నువ్వే చెప్పు" అని ఇద్దరూ నన్నే తీర్పు అడుగుతారు. నాకే సందేహంగా ఉంది. పొద్దున్నే దీపం పెట్టుకుని ల్యాబ్‌కి వెళ్తాను. అది నన్ను నేను మోసం చేసుకోవడమా? మీది మా నాన్నగారి వయసే కాబట్టి అడుగుతున్నాను. మీ జవాబు ఆయనకి చూపించొచ్చా?

జవాబు:

అమ్మా,

ముందు నా సంగతి. నేను గుడికి వెళ్ళను, పూజ చెయ్యను. మా ఆవిడ రెండూ చేస్తుంది. తీర్పు అడిగావు కాబట్టి తీర్పరి ఎటు మొగ్గుతాడో నీకు తెలిసి ఉండాలి.

మొర్రి సంగతి తేలిగ్గా తేలేది, అందుకని అదే ముందు. కడుపులో బిడ్డకి పై పెదవి రూపుకట్టేది నాలుగో వారం నుంచి ఏడో వారం లోపు. అంగిలి తొమ్మిదో వారానికల్లా పూర్తవుతుంది. డాలస్‌లో చంద్రుడు సూర్యుడికి అడ్డొచ్చే నాటికి మీ వదిన కడుపులో పాప పెదవి తయారై నాలుగు నెలలు కావస్తోంది. ఆవిడ ఆ పూట కూరలు తరిగినా, మిద్దెక్కి నిలబడినా ఆ పెదవికి జరిగేదేమీ లేదు. ప్రపంచం మొత్తమ్మీద సుమారు ఏడు వందల కాన్పులకు ఒక బిడ్డ మొర్రితో పుడుతుంది. కొంత జన్యువుల వల్ల, కొంత తల్లి పొగతాగడం వల్ల, మధుమేహం వల్ల, మూర్ఛకి వాడే కొన్ని మందుల వల్ల. పైగా ఆరో నెల గర్భిణి గంటల తరబడి నీళ్ళు తాగకుండా పడుకోవడం మంచిది కాదు. ఇక్కడ నాన్నగారి దగ్గర మొహమాటపడొద్దు. ఆయన చెప్పింది తప్పు, పైగా నష్టం చేసే తప్పు.

అయితే ఈ పందెంలో ఓడింది మొర్రి ఒక్కటే. దేవుడు అసలు పందెంలోనే లేడు. ఆయన్ని తెచ్చి అందులో కట్టింది మీ నాన్నా అన్నయ్యా కలిసి. ఒకరు మొర్రిని నిలబెట్టడానికి, ఒకరు దేవుణ్ణి పడగొట్టడానికి. అన్నయ్య "పెదవి ఏడో వారానికే తయారైపోతుంది నాన్నా" అని ఊరుకుని ఉంటే ఆ ఫోన్ రెండు నిమిషాల్లో అయిపోయేది.

ఇలా దేవుణ్ణి తెచ్చి ఒక లెక్కకి ముడిపెట్టడం చిన్నవాళ్ళు చేసిన పని అనుకోకు. చేసినవాడు న్యూటన్. నీకు ఫిజిక్స్ తెలుసు కాబట్టి ఈ కథ కాస్త వివరంగా చెబుతాను. నీ తీర్పుకి కావలసిన సరుకంతా ఇందులోనే ఉంది.

1687 నాటి న్యూటన్ పుస్తకం ప్రిన్సిపియాతో గ్రహాల లెక్క కుదిరింది. కానీ గురుత్వాకర్షణ సూర్యుడికే పరిమితం కాదు కదా, గ్రహాలు ఒకదాన్నొకటి కూడా లాక్కుంటాయి. పాత పరిశీలనలతో పోల్చి చూస్తే గురుగ్రహం వేగం పుంజుకుంటున్నట్టూ శని మందగిస్తున్నట్టూ ఖగోళ శాస్త్రవేత్త హేలీ గమనించాడు. ఇలాగే సాగితే ఒకటి సూర్యుడి వైపు జరిగిపోవాలి, ఇంకొకటి దూరమైపోవాలి. న్యూటన్ తన ఆప్టిక్స్ పుస్తకం చివర చేర్చిన ప్రశ్నల్లో, ఈ తేడాలు పెరిగి పెరిగి చివరికి ఈ వ్యవస్థని సరిదిద్దాల్సి వస్తుందని రాశాడు. సరిదిద్దేది ఎవరో ఆయన మనసులో స్పష్టమే.

దీనిమీద విరుచుకుపడినవాడు జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్. 1715లో వేల్స్ యువరాణి కెరోలిన్‌కి రాసిన ఉత్తరంలో ఎగతాళి చేశాడు. గడియారం చేసి, అది ఆగిపోకుండా మధ్యమధ్య వచ్చి తాళం తిప్పాల్సి వస్తే ఆ దేవుడు ఎంత చేతకాని పనివాడు! న్యూటన్ తరఫున శామ్యూల్ క్లార్క్ జవాబిచ్చాడు. 1716లో లైబ్నిజ్ చనిపోయేదాకా ఉత్తరాలు నడిచాయి. ఇందులో ఒక్క నాస్తికుడు కూడా లేడన్నది గుర్తుంచుకో. దేవుడి గొప్పతనం మధ్యలో వచ్చి మరమ్మతు చెయ్యడంలో ఉందా, మరమ్మతు అక్కర్లేకుండా చెయ్యడంలో ఉందా అని ఇద్దరు భక్తుల మధ్య తగాదా అది.

1785లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ముడి విప్పాడు. గురుడు అయిదుసార్లు తిరిగే కాలంలో శని ఇంచుమించు రెండుసార్లు తిరుగుతుంది. ఆ ఇంచుమించులో ఉన్న చిన్న తేడా వల్ల ఒకదాని లాగుడు ఇంకొకదాని మీద పేరుకుని, కొన్నాళ్ళకి తిరగబడుతుంది. ఈ ఊగిసలాటకి పట్టే కాలం సుమారు 900 ఏళ్ళు. హేలీ చూసింది ఆ ఊపులో ఒక ముక్క మాత్రమే. మరమ్మతు అక్కర్లేదు. దేవుడి గురించి "ఆ ఊహతో నాకు అవసరం పడలేదు" అని లాప్లాస్ నెపోలియన్‌తో అన్నాడంటారు. ఆ సంభాషణ అక్షరాలా అలాగే జరిగిందా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. మీ అన్నయ్య "రెండొందల ఏళ్ళయింది" అన్నది బహుశా ఈ లెక్కనే.

కానీ కథ అక్కడ ఆగలేదు. 1989లో జాక్ లాస్కార్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త, లోపలి గ్రహాల చలనం గందరగోళ స్వభావం గలదని, అంటే ఇప్పటి చిన్న తేడా ముందుముందు ఊహకందనంత పెద్దదవుతుందని లెక్కకట్టి చూపించాడు. 2009లో ఆయనా, గాస్టినో అనే సహచరుడూ కలిసి వచ్చే 500 కోట్ల ఏళ్ళకి 2,500కి పైగా లెక్కలు నడిపారు. సుమారు వందింట ఒకదాంట్లో బుధుడి కక్ష్య బాగా సాగిపోయి, శుక్రుణ్ణో సూర్యుణ్ణో గుద్దుకునే పరిస్థితి వస్తుంది. అంటే న్యూటన్ భయం ఉత్తుత్తిది కాదు. లాప్లాస్ మూసేసిన తలుపు మళ్ళీ కాస్త తెరుచుకుంది. అయినా 2009లో ఎవరూ, దైవభక్తి ఉన్న శాస్త్రవేత్తలు కూడా, "అప్పుడు దేవుడొచ్చి సరిచేస్తాడు" అని పేపర్ రాయలేదు. ఇంకా పెద్ద కంప్యూటర్ అడిగారు.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటు ఇదే. సైన్సు ఒక్కో ఖాళీ పూడ్చుకుంటూ వచ్చింది, దేవుడికి చోటు తగ్గుతూ వచ్చింది అని చెప్పుకునేది సగం కథ. ఖాళీ కనిపిస్తే ఏం చెయ్యాలన్న అలవాటు మారిపోయింది. ల్యాబ్‌లో నువ్వు ప్రకృతి కారణాలే వెతుకుతావు, అది పని నియమం. ప్రకృతి తప్ప మరేదీ లేదనడం ఒక తత్త్వం. నియమం మూడొందల ఏళ్ళుగా దిగ్విజయంగా పనిచేస్తోంది. దానివల్ల ఆ తత్త్వానికి బలం వచ్చింది, నా మటుకు చాలా బలం వచ్చింది. కానీ నియమం నెగ్గిన ప్రతిసారీ తత్త్వం కూడా రుజువైపోయిందని అన్నయ్య రాసుకుంటున్నాడు. ఆ జమాఖర్చు చెల్లదు.

ఇక నాన్నగారి బిగ్ బ్యాంగ్. ఈ సిద్ధాంతానికి మొదట పునాది వేసిన జార్జ్ లమేత్ర్ బెల్జియం దేశపు కేథలిక్ ఫాదరీ. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లో పేపర్ రాశాడు. అంతా ఒక ఆది పరమాణువు నుంచి మొదలైందని 1931లో ప్రతిపాదించాడు. ఫాదరీ కాబట్టి బైబిల్ సృష్టిని దొడ్డిదారిన తెస్తున్నాడని కొందరికి అనుమానం. ఫ్రెడ్ హాయిల్‌కైతే ఆ ఆరంభం అన్న భావనే గిట్టలేదు. 1948లో ఆయనా, బాండీ, గోల్డూ విశ్వం ఎప్పుడూ ఇలాగే ఉందనే స్థిరస్థితి వాదం తెచ్చారు. 1949లో రేడియోలో మాట్లాడుతూ అవతలి సిద్ధాంతానికి "బిగ్ బ్యాంగ్" అని పేరు పెట్టింది కూడా ఆయనే. మన జయంత్ నార్లీకర్ ఆయన శిష్యుడు, చివరిదాకా ఆ వైపే నిలిచాడు.

1951 నవంబరులో 12వ పయస్ పోప్ ఒక ప్రసంగంలో, "వెలుగు కలుగుగాక" అన్న ఆదిమ క్షణానికి నేటి సైన్సు సాక్ష్యమిస్తోందన్న ధోరణిలో మాట్లాడాడు. మీ నాన్నగారు మీ అన్నయ్యతో అన్నదే, భాష తేడా అంతే. సంతోషించాల్సిన లమేత్ర్ ఇబ్బంది పడ్డాడు. మరుసటి ఏడాది రోమ్‌లో ఖగోళ శాస్త్రవేత్తల మహాసభలో పోప్ మళ్ళీ మాట్లాడబోతున్నాడని తెలిసి, లమేత్ర్ ముందే పోప్ సలహాదారులతో మాట్లాడాడు. ఆ సభలో పోప్ ఆ ఊసెత్తలేదు. తన సిద్ధాంతం మతప్రశ్నలకు బయట ఉంటుందనీ, దాన్ని ఒప్పుకుంటూనే భౌతికవాది దేవుణ్ణి కాదనొచ్చనీ 1958లో లమేత్ర్ స్వయంగా చెప్పాడు. విశ్వాసం లేక అన్నమాట కాదిది. రేపు ఆ సిద్ధాంతం తలకిందులైతే తన దేవుడు కూడా దాంతోపాటే తలకిందులు కావడం ఆయనకి ఇష్టం లేదు. 1965లో పెంజియాస్, విల్సన్ ఆ తొలి వేడి తాలూకు మిగులు వికిరణాన్ని పట్టుకోవడంతో లమేత్ర్ పక్షం గెలిచింది. గెలిచాక కూడా ఆయన మాట మార్చలేదు. 1966లో పోయాడు.

కాబట్టి నాన్నగారిని ఒకటి అడుగు. హాయిల్ నెగ్గి ఉంటే మీరు సంధ్యావందనం మానేసేవారా? మానరని నాకు తెలుసు, నీకూ తెలుసు. మరి ఓడితే పోని నమ్మకానికి, గెలిస్తే సాక్ష్యం ఎలా వస్తుంది?

నాసదీయ సూక్తం గురించి ఆయన తెలుగు మాస్టారు కాబట్టి ఇంకాస్త చనువుగా మాట్లాడొచ్చు. ఋగ్వేదం పదో మండలంలోని ఆ సూక్తం నాకు చాలా ఇష్టం. నిజంగా అందులో బిగ్ బ్యాంగ్ ఉంటే నా ఇష్టం తగ్గిపోయేది. ఈ సృష్టి ఎక్కణ్ణించి వచ్చిందో ఎవరికి తెలుసు, దేవతలు కూడా దీని తరవాతే వచ్చినవాళ్ళు కదా అని ప్రశ్నించి, పరమాకాశంలో ఉండి దీన్ని చూసేవాడికి తెలుసేమో అంటాడు ఋషి. అని ఊరుకోడు. "సో అంగ వేద యది వా న వేద" - ఆయనకైనా తెలుసో, తెలీదో! మూడు వేల ఏళ్ళ కిందట అంత ధైర్యంగా సందేహపడినవాడి నోట్లో మనం ఖగోళ శాస్త్రం పాఠం కుక్కడం ఆయనకి చేసే గౌరవం కాదు. అన్నీ వేదాల్లో ఉన్నాయష అనే వెక్కిరింత మన తెలుగులో పాతదే. ఆ వెక్కిరింతకి చోటిచ్చేది నాస్తికులు కారు, ఇలాంటి పోలికలే. చేప, తాబేలు, పంది, నరసింహం, వామనుడు అని దశావతారాల్ని పరిణామవాదానికి అతికించడం కూడా ఈ కోవదే. పరిణామం అనేది మెట్లెక్కి మనిషి దగ్గర ఆగే నిచ్చెన కాదు. సగం సింహం సగం మనిషి దశ ఏ శిలాజంలోనూ లేదు. క్వాంటం వేదాంతం జోలికి నేను పోను. నువ్వు సమీకరణం రాసి చూపించగలవు, నాన్నగారు ఆగిపోతారు.

మన దగ్గర ఈ వాదన యూరప్‌లో లాగా కోర్టుల దాకా, చితుల దాకా పోలేదు. వేరే దారి పట్టింది. ఆ దారి గ్రహణాల్లోనే బాగా కనిపిస్తుంది. 499లో ఆర్యభటుడు స్పష్టంగా చెప్పాడు, సూర్యుణ్ణి చంద్రుడు కప్పుతాడు, చంద్రుణ్ణి భూమి నీడ కప్పుతుంది. 628లో బ్రహ్మగుప్తుడు అంతకన్నా మెరుగ్గా నీడల లెక్క కట్టి, అదే పుస్తకంలో రాహువు లేడనేవాళ్ళని తప్పుపట్టాడు. నాలుగు శతాబ్దాల తరవాత ఇది చదివిన మధ్యాసియా పండితుడు అల్ బిరూనీ, ఇంత తెలిసినవాడు ఎందుకిలా రాశాడు, దేనికో తలొగ్గి ఉంటాడని ఆశ్చర్యపోయాడు. మీ ఇంట్లో ఉన్న పంచాంగం తెరిచి చూడు. స్పర్శకాలం (గ్రహణం పట్టే వేళ), మోక్షకాలం (విడిచే వేళ) నీడల లెక్కతో నిమిషాలతో సహా వేస్తారు. పక్కనే "రాహుగ్రస్త" అని ఉంటుంది. ఒకే పేజీలో ఇద్దరూ కాపురం చేస్తున్నారు. ఇది సహనమా, దాటవేతా? నా అనుమానం రెండోదాని మీదే. లెక్క మారింది కానీ ఆ లెక్క వేసినవాడు ఎవరి నమ్మకాన్నీ ప్రశ్నించలేదు. అందుకే ఆర్యభటుడి తరవాత పదిహేను వందల ఏళ్ళకి కూడా డాలస్‌కి ఫోన్ వెళ్ళింది.

మీ ఊరి సంగతే చూడు. 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఫ్రాన్సు నుంచి ఓడెక్కి వచ్చిన జాన్సెన్ అక్కడే వర్ణపటదర్శిని (కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం) పెట్టుకుని చూశాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలు మండే వాయువులని ఆ కాంతిరేఖలు చెప్పాయి. మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని చూసే పద్ధతి కనిపెట్టాడు. ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ గమనించిన పసుపు రేఖ భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేలి, హీలియం అన్న పేరొచ్చింది. 1895లో రామ్సే దాన్ని భూమ్మీద ఒక ఖనిజంలో పట్టుకున్నాడు. ఆకాశంలోవి దివ్యపదార్థాలు, కిందవి మట్టి అన్న పాత విభజనకి ఇవి కొట్టిన దెబ్బ చిన్నది కాదు. అన్నయ్యకి కూడా ఇందులో ఒక ముక్క ఉంది. నక్షత్రాల్లో ఏ పదార్థాలున్నాయో మనిషి ఎన్నటికీ తెలుసుకోలేడని 1835లో తేల్చి చెప్పినవాడు ఏ పూజారీ కాదు. మతం కాలం చెల్లిందన్న ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోమ్ట్.

అన్నయ్యకి చెప్పాల్సింది ఇంకొకటుంది. అతను మతాన్ని పాడైపోయిన సైన్సుగా చూస్తున్నాడు. ఆ చూపుకి మూలం డ్రేపర్ 1874లోనూ వైట్ 1896లోనూ రాసిన రెండు లావుపాటి పుస్తకాలు. సైన్సుకీ మతానికీ ఎప్పుడూ యుద్ధమే అన్న కథని నిలబెట్టినవి అవే. ఇప్పటి చరిత్రకారులు ఆ కథని అలా ఒప్పుకోరు. గెలీలియోని 1633లో శిక్షించారు, నిజం. కోపర్నికస్ చర్చి ఉద్యోగి అన్నదీ, కెప్లర్ దేవుడి లెక్కలు చదువుతున్నానన్న పారవశ్యంలో పనిచేశాడన్నదీ అంతే నిజం.

సికిందరాబాద్ వెళ్ళి చూస్తే పుస్తకం అక్కర్లేదు. 1813లో అక్కడ కలరా ప్రబలింది. పటాలంలో పనిచేసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మహంకాళికి మొక్కుకుని, తిరిగొచ్చి 1815లో అమ్మవారిని నిలిపాడని ఆలయ చరిత్ర. కలరా క్రిమిని 1884లో కలకత్తాలో కాక్ గుర్తించాడు. ఆ గుడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. (చూసిన మర్నాడు దేవుడికి కృతజ్ఞతగా పద్యం రాసుకున్నాడు. మీ అన్నయ్యకి ఇది చెప్పి మొహం చూడు.) అమ్మవారు పోసిందనుకున్న మశూచి 1980కల్లా లోకంలోనే లేకుండా పోయింది. రోగాన్ని అమ్మవారు తెస్తుందన్న వివరణ పూర్తిగా ఓడిపోయింది. ఈ రోజు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బోనం ఎత్తే ఇల్లాలు కూడా ముందు సెలైన్ పెట్టించుకుంటుంది. ఆషాఢం రాగానే బోనాలు మాత్రం ఏటా పెరుగుతూనే ఉన్నాయి. ఆడపడుచులు పుట్టింటికి రావాలి, వీధంతా కలవాలి, గట్టెక్కినందుకు ఎవరికో చెప్పుకోవాలి. క్రిమి సిద్ధాంతం ఈ పనులు తన మీద వేసుకోలేదు. మతంలో ప్రపంచం ఎలా నడుస్తుందని చెప్పే భాగం ఉంది, అది సైన్సుతో తలపడిన ప్రతిచోటా ఓడింది. ఓడుతుంది కూడా. తలపడని భాగం చాలా ఉందన్నది అన్నయ్య చూడటం లేదు.

పైగా అతను చంపానంటున్న దేవుడు ఎవరు? ఆరు రోజుల్లో లోకాన్ని చేసి కూర్చున్న సృష్టికర్తా? ఈ దేశంలో జైనులకీ బౌద్ధులకీ సృష్టికర్త లేడు. యజ్ఞాలకోసం ప్రాణం పెట్టిన మీమాంసకులకి కూడా లోకాన్ని సృష్టించిన దేవుడి అవసరం కనబడలేదు. చార్వాకులైతే పరలోకమే లేదన్నారు, ఏ టెలిస్కోపూ లేకుండా. కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే, లోకం ఉందంటే కర్త ఉన్నట్టే అని నైయాయికులు, అంటే తర్కాన్ని నమ్ముకున్న న్యాయ దర్శనం వాళ్ళు, వాదించారు. ఇంగ్లండులో పేలీ 1802లో గడియారం ఉదాహరణతో చెప్పిందీ ఇదే. 1859లో డార్విన్ వల్ల దెబ్బతిన్నది ఈ వాదన. కుమ్మరి లేకుండానే కన్నూ రెక్కా ఎలా తయారవుతాయో ఆయన చూపించాడు. నా లెక్కలో మొత్తం చరిత్రలో సైన్సు మతానికి కొట్టిన గట్టి దెబ్బ ఇదే, బిగ్ బ్యాంగూ క్వాంటమూ దీనిముందు ఎంత!

కానీ డార్విన్ మనసుని కలచింది ఎముకలూ శిలాజాలూ మాత్రమే కాదు. 1860లో హార్వర్డ్ వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రేకి రాసిన ఉత్తరంలో ఆయన వాపోయింది ఒక రకం కందిరీగ గురించి. అది బతికున్న గొంగళిపురుగు శరీరంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు దాన్ని లోపలినుంచి తింటూ పెరుగుతాయి. దయగల దేవుడు ఇది కావాలని చేశాడని నమ్మలేకపోతున్నానన్నాడు. ఆ ఉత్తరం అందుకున్న గ్రే గొప్ప భక్తుడు, అమెరికాలో డార్విన్ పక్షాన నిలబడి వాదించినవాడు కూడా ఆయనే.

తెలుగునాట ఈ రెండో బాధే, లోకంలో ఇంత అన్యాయం ఎందుకన్న బాధే, ఎక్కువ పనిచేసింది. ఇక్కడి నాస్తికత్వానికి ఊపిరి టెలిస్కోపు నుంచి రాలేదు, కులం మీద కోపంలోంచి వచ్చింది. గోరాగారు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పినవాడు, నాస్తికుడన్న కారణంగా కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు, 1947లో విజయవాడకి మార్చాడు. ఆయన గాంధీతో వాదించింది విశ్వం వయసు గురించి కాదు, అంటరానితనం గురించి. తలరాతనీ కర్మనీ నమ్మినంతకాలం మనిషి తన బాధ్యత తీసుకోడన్నది ఆయన పట్టు. శూద్రుడై తపస్సు చేశాడని రాముడి చేతిలో చచ్చిన శంబూకుడి పక్షాన నిలబడి త్రిపురనేని రామస్వామి చౌదరి అడిగిందీ న్యాయమే. ఇవి ఫిజిక్సుతో తేలే ప్రశ్నలు కావు, కాబట్టి నీ తీర్పు పరిధిలోకి రావు. నాన్నగారికి నిజంగా గట్టి ప్రత్యర్థి అన్నయ్య కాదు, వీళ్ళు.

ఇంకా తేలనివి ఉన్నాయి. అసలు ఏదో ఒకటి ఎందుకుంది, ప్రకృతి స్థిరాంకాలు ఇలాగే ఎందుకున్నాయి, మెదడులో విద్యుత్తు ఎరుకగా ఎలా మారుతోంది. భక్తులు వీటిలో దేవుణ్ణి చూస్తారు. న్యూటన్‌కి ఏమైందో గుర్తుంటే నేనైతే అక్కడ పీట వెయ్యను. వీటన్నిటికీ ప్రకృతి కారణాలే దొరుకుతాయని నా పందెం. పందెం అంటున్నాను, రుజువు అనడం లేదు.

ఇప్పుడు నీ దీపం. 1979లో ఫిజిక్స్ నోబెల్ గ్లాషో, సలామ్, వైన్‌బర్గ్ ముగ్గురికీ కలిపి ఇచ్చారు. విద్యుదయస్కాంత బలమూ, బలహీన కేంద్రక బలమూ ఒకటేనని చూపించిన సిద్ధాంతానికి. వైన్‌బర్గ్ బాహాటమైన నాస్తికుడు. అబ్దుస్ సలామ్ అయిదు పూటలా నమాజు చేసే అహ్మదీ ముస్లిం. ఇద్దరూ వేరువేరు చోట్ల కూర్చుని చేరుకున్నది ఒకే సిద్ధాంతానికి. నువ్వు దీపం పెట్టి ల్యాబ్‌కి వెళ్ళడంలో మోసం ఏమీ లేదు. దీపం పెట్టాను కదా అని రాని రీడింగ్‌ని వచ్చినట్టు రాసుకుంటే మోసం. దీపం ఎందుకు పెడుతున్నావో నీకు నువ్వు చెప్పుకోలేకపోతే కొన్నాళ్ళు మానేసి చూడు. మళ్ళీ పెట్టాలనిపిస్తే పెట్టు. నాన్న కోసం పెట్టకు, అన్నయ్య కోసం మానకు.

తీర్పు అడిగినప్పుడు మొర్రి విషయంలో మాత్రం తీర్పు చెప్పు, అది నీకు తెలుసు. దేవుడి కేసు నా కోర్టులో లేదని చెప్పేసెయ్. మధ్యవర్తిత్వం కూడా మానెయ్. ఇద్దరి మాటలూ నువ్వు మోస్తున్నంతకాలం వాళ్ళకి ఫోన్ చేసుకోవాల్సిన అవసరం రాదు. అన్నయ్యతో ఒకటే అను. కోడలికి జాగ్రత్త చెప్పడానికి అంత దూరాన ఉన్న మావగారి చేతిలో పంచాంగం తప్ప ఇంకేముంది? స్కానింగ్ రిపోర్టులు ఆయనకి కూడా పంపించి, ఏ నెలలో ఏది తయారవుతుందో వివరించి ఉంటే సగం భయం తీరేది.

ఈ జవాబు నాన్నగారికి చూపించు. నాసదీయ సూక్తం గురించి ఆయన నాతో విభేదిస్తారు, ఆ ఉత్తరం కోసం చూస్తుంటాను. అన్నయ్యకి ఒక వారం ఆగి పంపు. దయచేసి ఫ్యామిలీ గ్రూపులో మాత్రం పెట్టకు. మీ మేనమామలు, బాబాయిలు కూడా దిగుతారు.